పాలకేంద్రం టీవీ

మొన్న ఆదివారం బాపు ఫోన్ చేసి, "పాలకేంద్రం రూం ఖాళీ జేస్తున్నం. నీ డబ్బా ఒకటున్నది ఈడ. ఉంచాల్నా, పాత సామాన్లోనికి ఇయ్యాల్నా?" అని అడిగాడు. డబ్బా అంటే కంప్యూటర్. అది బాగా పనిచేసిన రోజుల్లో కూడా మా ఇంట్లో దాని పేరు అదే. నేను బస్సెక్కి ఇబ్రహీంపట్నంలో దిగి, యాచారం పోయే ఆటోలో ఓ మూలకు ఒదిగి కూర్చుని మా ఊరికి పోయాను. ఒక చచ్చిన కంప్యూటర్ కోసం మనిషి అంత దూరం వెళ్లాడంటే ఏదో మమకారం అనుకుంటారు. అలాంటిదేం లేదు. పాత సామానువాడు దాన్ని తూకం వేస్తుంటే పక్కన నిలబడి చూడాలనిపించింది, అంతే. మన పరువు ఎంత తూగుతుందో తెలుసుకునే అవకాశం అందరికీ రాదు.

ఊళ్లో ఇప్పుడు బర్రెలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు. అవి మేసిన చోటల్లా తెల్ల సున్నం పూసిన ప్లాట్ల హద్దురాళ్లున్నాయి. కేంద్రం మూతపడి కొంతకాలమైంది. పాలు పరీక్షించే మిషన్‌ను డెయిరీవాళ్లు పట్టుకుపోయారు. కానీ ఆ రేకుల రూం తలుపు తీయగానే వాసన మాత్రం డ్యూటీలోనే ఉంది. పులిసిన పాలు, క్యాన్లు కడిగే సోడా, తడి గోనెసంచి, వీటన్నిటినీ కప్పిపెడదామని బాపు పొద్దున్నే వెలిగించే ఊదుబత్తి. ఊదుబత్తి ఏ రోజూ గెలవలేదు. నేను కాలేజీకి పోయే బస్సులో నా పక్కన కూర్చున్నవాడు మెల్లగా కిటికీ వైపు జరిగేవాడు. అది చలికాలమైనా సరే.

బాపు పని చేసే తీరు ఒకటుండేది. చీకటి విడవకముందే లేచి, పెద్ద క్యాన్ మూతికి తెల్ల మల్లుగుడ్డ కట్టి, గుడ్డ మధ్యలో అరచేత్తో చిన్న గుంట చేసి, బయటికి వచ్చి తలకు తువ్వాల చుట్టుకునేవాడు. ఆ తువ్వాల చుట్టాడంటే కేంద్రం తెరిచినట్టు. జనం వరసగా వచ్చి పాలు పోస్తే, చిన్న గిన్నెతో కొంచెం తీసి మిషన్‌కు పెట్టేవాడు. మిషన్ నుంచి వైరు కంప్యూటర్‌కు. కంప్యూటర్ తెర బాపు వైపు. పాలల్లో వెన్న ఎంత, కలిపిన నీళ్లెంత అన్నీ ఆ తెర మీద పడేవి. బాపు ఒకసారి చూసి, చీటీ చింపి, రెండు మడతలు పెట్టి చేతిలో పెట్టి, "మంచిగున్నయ్" అనేవాడు. అంకె మాత్రం ఎవరి ముందూ ఎప్పుడూ పైకి చదవలేదు. నీళ్లు కలిసిన పాలొస్తే "మంచిగున్నయ్" అనేవాడు కాదు. "బర్రెకు జర పత్తిగింజలు పెట్టు" అనేవాడు. వాళ్లు "అవ్ సత్తన్న, పెడ్త" అని తలొంచుకుని పోయేవాళ్లు. మర్నాటికల్లా పాలు చిక్కబడేవి. పత్తిగింజలకు అంత తొందరగా పనిచేసే శక్తి ఉందని ఏ పశువుల డాక్టరూ ఒప్పుకోడు. మా ఊళ్లో అందరూ ఒప్పుకున్నారు.

నేనప్పుడు ఇబ్రహీంపట్నం రోడ్డు పొడుగునా వరసగా ఉండే ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒకదాంట్లో చదువుతున్నాను. కేంద్రం కంప్యూటర్‌లో నేనే ఎవరి పెళ్లి పాటల పెన్‌డ్రైవో పెట్టి, దానికి పట్టకూడని రోగాలన్నీ పట్టించాను. ఆ తర్వాత ప్రాయశ్చిత్తంగా దాంట్లో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించాను. మిషన్ చెప్పే అంకెలు తెర మీద చూపించే ప్రోగ్రామ్ కూడా రాసిపెట్టాను. లినక్స్ అంటే ఏమిటో ఊళ్లో ఎవరికీ తెలియదు. నాకూ అంతంతే. తేడా ఒక్కటే, వాళ్లు తెలియదని ఒప్పుకునేవాళ్లు.

గొడవ మొదలుపెట్టింది యాదగిరి మామ. మామ అంటే వరసకే. ఊళ్లో అందరికంటే ఎక్కువ బర్రెలున్న మనిషి, అందరికంటే ఎక్కువ నోరున్న మనిషి కూడా. ఒకరోజు పొద్దున పాలు పోస్తూ, "సత్తన్న, నువ్వు మంచోనివే, కాదంటలేను. గని తెర నీ దిక్కే ఉండె. ఏం పడ్డదో నీకు, ఆ దేవునికే ఎర్క" అన్నాడు. జనం నవ్వారు. బాపు కూడా నవ్వాడు కానీ, మడత పెడుతున్న చీటీ ఇంకో మడత ఎక్కువ పడింది. బాపుకు ముందు ఆ కేంద్రం నడిపిన మనిషిని, అంకెలు తగ్గించి చదువుతున్నాడని ఊరంతా కలిసి తీయించారు. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఆ మాట నవ్వులాటగా కూడా మంచిది కాదు.

ఇక నేను రంగంలోకి దిగాను. బాపు నన్ను అడగలేదు. పరువు కాపాడమని అడిగేవాళ్ల దగ్గరికి ఎవరూ పోరు, అడగనివాళ్ల వెంటే పడతాం. ఇబ్రహీంపట్నంలో ఒక రిపేరు షాపులో పాత పెద్ద టీవీ ఒకటి కొని, ఆటోలో దుప్పటి చుట్టి తెచ్చి, వరసలో నిలబడ్డ అందరికీ కనబడేలా గోడకు బిగించాను. ఎవరి పాలు పోస్తే వాళ్ల పేరు, వెన్న, నీళ్లు పెద్ద అక్షరాల్లో వస్తాయి. అక్కడితో ఆగితే నేను నేనెట్లా అవుతాను? నీళ్లు ఎక్కువైతే తెర మీద ఆ పేరున్న వరస ఎర్రబడేలా చేశాను. పేరు పక్కన ఒక నల్లా బొమ్మ, దాని నుంచి చుక్కలు టపటపా రాలుతుంటాయి. ఆ చుక్కలు రాలేలా చేయడానికే పరీక్షల ముందు రోజులు కొన్ని ఖర్చయ్యాయి. నేను చదివిన చదువు మొత్తంలో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి లేదు.

మొదలుపెట్టాల్సిన రోజు మధ్యాహ్నం బిగించి చూస్తే, టీవీలో బొమ్మ అంచులు తెగిపోతున్నాయి. అందరి పేర్లలో మొదటి అక్షరం గోడలోకి పోయింది. యాదగిరి కాస్తా దగిరి అయ్యాడు. సరిచేద్దామని ఇంటర్నెట్‌లో వెతికితే, ఏ దేశంవాడో తన టీవీ కోసం రాసుకున్న కొలతల ఫైలు దొరికింది. తెర ఎంత వెడల్పు, సెకనుకు ఎన్నిసార్లు మెరవాలి, ఇలాంటివన్నీ దాంట్లో ఉంటాయి. ఎవరి చెప్పులో కాళ్లకు తొడుక్కున్నట్టు దాన్ని తీసుకొచ్చి పెట్టి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. బాపు వైపు తెర నల్లబడింది. గోడ మీద టీవీ "సిగ్నల్ లేదు" అంది. అంతే. అప్పటికి సాయంత్రం పాలకు జనం రావడం మొదలైంది.

"ఏమైందిరా శీను?" అన్నాడు బాపు, తువ్వాల చుట్టుకుంటూ.

"ఏం గాలేదు బాపు. తెరకు జర..."

"జర ఏంది, మొత్తం బోయె."

కంప్యూటర్ లోపల బాగానే ఉంది. ఫ్యాను తిరుగుతోంది, మిషన్ కూస్తోంది. మనిషి బతికే ఉన్నాడు, ముఖం మాత్రం లేదు. కానీ వరసలో ఉన్నవాళ్లకు అది చెప్పి ఒప్పించడం ఎలా? వరస తలుపు దాటి బయటికి పోయింది. ఎండ ఇంకా తగ్గలేదు. క్యాన్ల మీద తడిగుడ్డలు ఆరిపోతున్నాయి.

"సత్తన్న, పాలు పలుగుతయ్. జల్ది కానియ్యి" అని వెనక నుంచి ఒకరు.

"తెర జూపిస్త అన్నరు, ఇప్పుడు ఎవ్వరికీ లేకుంట జేసిండ్రు" అన్నాడు యాదగిరి మామ. ఈసారి జనం నవ్వలేదు. నవ్వకపోవడమే భయమేసింది. బాపు మెడ మీద చెమట పట్టింది. ఆయన పరువు కాపాడడానికి తెచ్చిన టీవీ, ఆయన్ను ఏదో దాచేవాడిలా నిలబెట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది, బొమ్మల తెర చచ్చినా లినక్స్‌లో వెనక ఇంకో తెర ఉంటుందని. కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని ఎఫ్ మూడు నొక్కాను. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు నాలుగు వచ్చాయి. కింద ఒక గీత ఆరి వెలుగుతూ నా పేరు అడుగుతోంది. బాపు గట్టిగా ఊపిరి వదిలాడు. పేరు కొట్టాను. పాస్‌వర్డ్ అడిగింది. కొడుతుంటే తెర మీద ఏమీ పడదు, చుక్కలు కూడా పడవు. అది దాని పద్ధతి.

"అక్షరాలు పడ్తలేవు గద?" అన్నాడు బాపు నా భుజం మీదుగా చూస్తూ.

"పడవు బాపు. లోపట పడ్తయ్."

"లోపట పడ్తయట" అని వెనక్కి తిరిగి వరసకు చెప్పాడు. ఆయన గొంతులో నా మీద నమ్మకం లేదు, నన్ను వదిలిపెట్టే ఉద్దేశం కూడా లేదు. రెండుసార్లు తప్పు కొట్టాను, పెద్దక్షరాల మీట నొక్కి ఉందని చూసుకోలేదు. మూడోసారి లోపలికి రానిచ్చింది. నేను పెట్టిన ఫైలు ఎక్కడుందో నాకు తెలుసు. దాన్ని తీసేద్దామంటే, నువ్వెవరు తీయడానికి అంది. పెద్దమనిషి హోదాలో అడుగుతున్నానని మళ్లీ పాస్‌వర్డ్ ఇచ్చాను. ఈసారి ఊరుకుంది. ఆ ఫైలును పక్కకు జరిపి, వేరే పేరు పెట్టి దాచి, బొమ్మల తెరను మళ్లీ లేవమన్నాను. ఒక్క మెరుపు, తర్వాత చీకటి, తర్వాత రెండు తెరలూ ఒకేసారి వెలిగాయి. అంచులు తెగే సంగతి టీవీ రిమోట్‌లోనే ఒక బటన్‌తో అయిపోయేదని ఆ తర్వాత అరనిమిషంలో తేలింది. దాన్ని గురించి ఎక్కువ మాట్లాడకుండా ఉంటే నాకు మంచిది.

జనం చప్పట్లు కొట్టారు. యాదగిరి మామ కూడా, "పిలగాడు పనోడే సత్తన్న" అన్నాడు. ఆయన పేరు పూర్తిగా, మొదటి అక్షరంతో సహా, గోడ మీద పడింది. వెన్న బాగుంది. మామ తన అంకె తాను చదువుకుంటూ పెళ్లిలో వీడియో చూసుకునేవాడిలా నిలబడ్డాడు. తర్వాత ఇంకొందరు. అన్నీ తెల్ల వరసలే. నాకు లోపల కొంచెం నిరాశగా ఉంది. నా నల్లాకు ఇంకా పని దొరకలేదు.

అప్పుడు బాలవ్వ వచ్చింది. ఊరి చివర ఇల్లు, ఒకే బర్రె. ఆమె క్యాన్‌కు మూత ఉండదు, మోదుగాకు కప్పి తెస్తుంది. బాపు పాలు పోసి, గిన్నె మిషన్‌కు పెట్టి, ఎందుకో ఒక్క క్షణం ఆగాడు. ఆయన ఎందుకు ఆగాడో నాకు అప్పుడు తట్టలేదు. టీవీ మీద వరస ఎర్రబడింది. నల్లా వచ్చింది. చుక్కలు రాలాయి, చాలా బాగా రాలాయి.

బాలవ్వకు చదువు రాదు. ఇన్నేళ్లూ బాపు ఇచ్చిన చీటీని కొంగున ముడేసుకుని పోయిందే కానీ, దాంట్లో ఏముందో ఆమెకు తెలియదు, ఇంకెవరికీ తెలియదు. అక్షరం రాని మనిషికి కూడా అర్థమయ్యేలా నేను బొమ్మ గీసి పెట్టాను. ఆమె టీవీ వైపు తలెత్తి, "నేను పోస్తే నల్లా వచ్చిందేంది బిడ్డ?" అని నన్నే అడిగింది.

"నీ బర్రెకు నల్లా కనెక్షన్ ఇచ్చిండ్రు బాలవ్వ" అన్నాడు యాదగిరి మామ.

రూం రేకులు ఎగిరేలా నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది నేనే. నా జోకు మీద ఎవరో మంచి మాట వేశారన్న సంతోషం. బాలవ్వ కొంచెంసేపు నన్ను చూసింది, ఖాళీ క్యాన్ తీసుకుంది, చీటీ కోసం ఆగలేదు. బాపు చీటీ చింపి, రెండు మడతలు పెట్టి, తీసుకునే మనిషి లేక దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

రాత్రి అన్నం పెడుతూ అమ్మ చెప్పింది. "ఆమె బిడ్డ కాన్పుకు వచ్చి ఉన్నది. బాలింతకు గిలాసెడు పాలు పెట్టొద్దా? గిలాసెడు ఇంట్ల పెట్టుకుని, గిలాసెడు నీళ్లు పోసింది. మీ బాపుకు ఎర్కనే. గాయినకు తెల్వని బర్రె ఉన్నదా ఈ ఊర్ల?" బాపు పెరుగు కలుపుకున్నాడు. తిడతాడేమో అని చూశాను. తిడితే ఏదో ఒకటి వెటకారంగా అని తప్పించుకునేవాడిని. ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు.

మర్నాడు బాలవ్వ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పాలు రోడ్డు మీద చాయ్ హోటల్‌కు పోస్తోందని, వాడు సగం రేటే ఇస్తున్నాడని తెలిసింది. ఇక్కడ మాత్రం వరస పెరిగింది. పాలు పోసి ఇంటికి పోయేవాళ్లు పోవడం మానేశారు. తమ పని అయ్యాక గోడకు చేరగిలబడి, తర్వాతివాళ్లకు నల్లా వస్తుందా రాదా అని చూడడం మొదలుపెట్టారు. సీరియల్ కంటే బాగుందన్నారు. ఆడవాళ్లు గిన్నె మిషన్ కింద ఉన్నంతసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూపులు చూసేవాళ్లు. పత్తిగింజల మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తే సందు లేదు, టీవీ అంతకుముందే చెప్పేసేది. బాపు "మంచిగున్నయ్" అంటే కూడా ఎవరూ ఆయన వైపు చూడడం లేదు, గోడ వైపు చూస్తున్నారు.

నేనిప్పుడు పనిచేసే పట్నం ఆఫీసులో గోడ నిండా తెరలే. ఎవరి పని వెనకబడితే వాళ్ల పేరు ఎర్రబడుతుంది. వాటిని బిగించినవాళ్లలో నేనూ ఉన్నాను. నల్లా బొమ్మ లేదు, అంతవరకు నయం. ఉదయం లోపలికి వచ్చిన మనిషి ముందు గోడ చూసుకుని, తర్వాత పక్కవాడి ముఖం చూస్తాడు. మా మేనేజర్ మంచివాడే, గట్టిగా ఒక మాట అనడు. అనాల్సిన అవసరం గోడ తీర్చేసింది. పత్తిగింజలు పెట్టమని చెప్పే మనిషి ఆ ఆఫీసులో ఒక్కడు లేడు. నాకు తెలుసు కాబట్టి నేను చెప్పొచ్చు. చెప్పలేదు. జీతం ఎర్రబడుతుందని భయం.

ఒక మధ్యాహ్నం, బాలవ్వ రాక వారం దాటాక, బాపు క్యాన్లు కడుగుతూ నన్ను పిలిచాడు.

"మొన్న ఖరాబు జేసినవు చూడు, ఎట్ల జేసినవో యాదికున్నదా?"

"ఉన్నది."

"మల్ల గట్లనే చెయ్యి."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "టీవీ వైరు పీకేస్తే అయిపాయె గద బాపు?" అన్నాను.

"నేను పీకితే, సత్తయ్య ఏందో దాస్తుండు అంటరు. నువ్వు ఖరాబు జేస్తే, సత్తయ్య కొడుక్కు ఏం రాదు అంటరు. గంతే." సోడా నీళ్లు బయట పారబోసి వచ్చి, "రెండోది నీకు జర కష్టమే" అని కలిపాడు.

వేరే పేరుతో దాచిన ఆ ఫైలును మళ్లీ తీశాను. ఈసారి బాపు వైపు తెర బాగుండేలా, గోడ టీవీ మాత్రమే చచ్చేలా మార్చాను. మొదటిసారి తెలియక చేసిన తప్పును రెండోసారి చాలా జాగ్రత్తగా, పరీక్షించి మరీ చేశాను. సాయంత్రం వరస ముందు టీవీ "సిగ్నల్ లేదు" అంది. నేను కుర్చీలో కూర్చుని బాగుచేస్తున్నట్టు నటించాలి. ఇది నేననుకున్నదానికంటే కష్టం. వేళ్లు వాటంతటవే కంట్రోల్, ఆల్ట్ మీదికి పోతుంటే వెనక్కి లాక్కోవాల్సి వచ్చింది. వైర్లు పీకి పెట్టాను, టీవీని చేత్తో కొట్టాను, నెత్తి గోక్కున్నాను.

"ఎన్నేండ్లు సదివినవ్‌రా బీటెక్?" అన్నాడు యాదగిరి మామ. "మొన్న వచ్చిందంటే అదృష్టమన్నట్టు."

"మావోనికి రాదు యాదగిరీ" అన్నాడు బాపు, మల్లుగుడ్డ సర్దుతూ, వరసకంతా వినబడేలా. "ఫీజులు దండుగ." తర్వాత చిన్న తెర వైపు చూసి, చీటీ చింపి, రెండు మడతలు పెట్టి, "మంచిగున్నయ్" అన్నాడు. నాలుగు రోజులు గోల చేశారు. ఐదో రోజు ఎవరి పాలు వాళ్లు పోసి ఎవరి ఇంటికి వాళ్లు పోయారు. నా పేరు మాత్రం స్థిరపడింది. ఇప్పటికీ ఊళ్లో నేను కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నానంటే, "గా టీవీ ఖరాబు జేసినోనివి నువ్వే గద?" అని అనుమానంగా చూస్తారు. అవ్ అంటాను. లేని చేతకానితనానికి నన్ను ఇంత శ్రద్ధగా గుర్తుపెట్టుకున్న ఊళ్లో, బాలవ్వకు చేసిన దాన్ని ఒక్కరు కూడా గుర్తు చేయరు. గుర్తు చేస్తే బాగుండునని కొన్నిసార్లు అనిపిస్తుంది.

బాలవ్వ మళ్లీ వచ్చిన రోజు నేను రూంలోనే ఉన్నాను. మోదుగాకు కప్పిన క్యాన్‌తో వరస చివర నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి రూంలో మేం ముగ్గురమే. బాపు గిన్నె మిషన్‌కు పెట్టి, తెర చూసి, "బర్రెకు జర పత్తిగింజలు పెట్టు బాలవ్వ" అన్నాడు.

"పెడ్త బిడ్డ. బాలింత వచ్చే నెలల పోతది" అంది. చీటీ కొంగున ముడేసుకుని, నల్లగా ఉన్న టీవీని ఒకసారి చూసి, నా వైపు తిరిగింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేను కీబోర్డు తుడుస్తున్నాను.

"సచ్చిందటగా నీ టీవీ?"

"అవ్ అవ్వ."

"మల్ల బాగు జేస్తవా?"

"రాదవ్వ నాకు."

ఆమె క్యాన్ చంకన పెట్టుకుని, వాకిట్లో చెప్పులు వెతుక్కుంటూ, "నేర్వకు బిడ్డ" అంది.